వుక్ అంటే తోడేలు, పెంటయ్య అంటే నేను

ఆ రోజుల్లో నాకు రెండు పేర్లుండేవి. ఒకటి సర్టిఫికెట్లలో ఉండేది, ఇంకోటి నా నోట్లో ఉండేది. సర్టిఫికెట్లలో ఉన్నది పెంటయ్య. నోట్లో ఉన్నది ప్రణవ్. కొత్తవాళ్ళెవరైనా పేరడిగితే ప్రణవ్ అని చెప్పేసి, వాళ్ళు పూర్తి పేరు అడిగేలోపే మాటని ఎండ మీదకి మళ్ళించేవాణ్ణి (ప్రకాశం జిల్లాలో ఇది చాలా తేలిక, ఎండ మండిపోతోందంటే ఏ నెలలోనైనా ఎవరూ కాదనరు). ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పట్లో అది నాకు చావుబతుకుల సమస్య. దర్శి దగ్గర మిరప, పత్తి వేసుకునే ఇంట్లో పుట్టి, మా వంశం మొత్తంలో మొదటిసారి డిగ్రీ గట్టెక్కినవాణ్ణి నేను. బి.కాం. ఫస్ట్ క్లాసు. ఆ పట్టాని మా నాన్న ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. చుట్టాలొచ్చి దాన్ని చూస్తుంటే నేను వెళ్ళి, పేరున్న చోటికి సరిగ్గా నా తల అడ్డం పెట్టి నిలబడేవాణ్ణి.

పేరు వెనకాల కథ మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే, అయినా చెప్తాను. మా అమ్మకి నాకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు. అందుకని నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి తీసుకెళ్ళి దొడ్లో పెంటకుప్ప మీద పెట్టిందట. వీధిలో పోతున్న ఒకావిడ చూసి, అయ్యో ఎవరో పిల్లాణ్ణి పారేసుకున్నారు, నాకు దొరికాడు అంటూ ఎత్తుకుందట. మా నాయనమ్మ ఆవిడకి గుప్పెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుందట. అంతా ముందే మాట్లాడుకున్నదే (ఆవిడ మా పక్కింటి అత్త, పొద్దుట్నించీ వీధిలో అటూ ఇటూ తిరుగుతూ పిలుపు కోసం చూస్తూనే ఉంది). వీడు మా బిడ్డ కాదు, చెత్తలో దొరికినవాడు, వీడి మీద కన్నేసినా నీకు లాభం లేదు అని, పసిబిడ్డల్ని ఎత్తుకుపోయే ఆ కనపడని దాన్ని మోసం చెయ్యటం అన్నమాట. మోసానికి రుజువు ఉండాలి కదా, అందుకే పెంటయ్య అని పేరు పెట్టారు. ఆ కనపడనిది నమ్మింది. నేను బతికాను. మా నాయనమ్మ అంత పకడ్బందీగా ఆలోచించింది గానీ, ఇంటర్మీడియట్ హాజరు పట్టీ గురించి మాత్రం ఆలోచించలేదు.

డిగ్రీ చదివిన హాస్టల్ ముందు నుంచి పొద్దున్నే చెత్తబండి పాట పెట్టుకుని పోయేది. రోజూ ఎవడో ఒకడు నా దుప్పటి లాగి, 'ఒరేయ్, మీ వాళ్ళొచ్చార్రా, కాఫీ అయినా ఇవ్వవా' అనేవాడు. మూడేళ్ళు ఇదే. పరీక్షల్లో పక్కవాడు నా పేరు చూసి నవ్వుకుంటే నేను జవాబులు మర్చిపోయేవాణ్ణి. అందుకే డిగ్రీ చేతికి రాగానే చేసిన మొదటి పని, పేరు మార్చుకోవటానికి కాయితాలు సిద్ధం చెయ్యటం. నోటరీ అయింది. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలన్నారు. ఒకటి నా రూమ్మేటు పెట్టేశాడు (ఇక పొద్దున్నే దుప్పటి లాగటానికి వీలుండదే అని బాధపడుతూనే పెట్టాడు). రెండో సంతకం దొరక్కముందే చీమకుర్తిలో ఉద్యోగం దొరికింది. ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, టిఫిన్ క్యారేజీ సంచిలో వేసుకుని ఉద్యోగంలో చేరాను.

అది గ్రానైటు కోసే ఫ్యాక్టరీ. క్వారీల్లోంచి లారీల్లో బ్లాకులొస్తాయి, మేం పలకలుగా కోసి పాలిష్ పట్టి పంపిస్తాం. నల్లటి రాయి, లోపల బంగారం చల్లినట్టు చుక్కలు. నా సర్టిఫికెట్లు చూసింది ఓనర్ గారొక్కరే. ఆయన కాళ్ళా వేళ్ళా పడి, అందరి ముందూ ప్రణవ్ అని పిలవండి సార్ అని బతిమాలుకున్నాను. ఆయన మంచివాడు, సరేనన్నాడు. రెండో సాక్షి సంతకానికి నేను ఎంచుకున్న మనిషి మా హెడ్ ఫిట్టరు. ఆయన్ని ఫ్యాక్టరీ మొత్తం రసమట్టం బాబాయ్ అంటారు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట రసమట్టం ఉంటుంది. మెషీను దగ్గర్నుంచి టీ బల్ల దాకా ఎక్కడ ఏది కనపడినా దాని మీద పెట్టి, బుడగ మధ్యకొచ్చిందా లేదా అని చూడందే కదలడు. రాతి మీద అక్షరాలు చెక్కటంలో కూడా చెయ్యి తిరిగినవాడు. నేను కాయితాన్ని పాత పేరు కనపడకుండా మడిచి, సంతకం చోటు మాత్రం బయటికి పెట్టి, వారానికోసారి ఆయన ముందుకు తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన ఆ మడతని చూసేవాడు, నన్ను చూసేవాడు. 'దాచిపెట్టిన దాని మీద సంతకం ఎట్టా పెడతార్రా? ముందు విప్పు' అనేవాడు. నేను విప్పేవాణ్ణి కాదు. ఆయన పెట్టేవాడు కాదు.

ఇట్లా ఉండగా ఓనర్ గారు బయటి దేశం నుంచి కొత్త కటింగ్ మెషీను తెప్పించారు. దాన్ని బిగించటానికి సెర్బియా నుంచి ఒక ఇంజినీరొచ్చాడు. ఆరున్నర అడుగుల మనిషి, తలుపుల దగ్గర వంగి వంగి మెడ పట్టేసిన మనిషి. పేరు వుక్. డిగ్రీ ఉంది కాబట్టి ఇంగ్లీషొచ్చి ఉంటుందని ఆయన్ని చూసుకునే పని నాకప్పగించారు. నిజం చెప్పాలంటే ఇంగ్లీషు ఆయనకీ అంతంతే, నాకూ అంతంతే, అందువల్లే మా ఇద్దరికీ బాగా అర్థమయ్యేది. మొదటిరోజే కారులో పేరుకి అర్థమేంటని అడిగాను (పేర్ల గురించి అడగటం నాకప్పుడు ఒక జబ్బు). తోడేలు, అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూడండి, తెల్లవాళ్ళ అదృష్టం. పుట్టిన బిడ్డకి తోడేలని పేరు పెట్టుకుంటారు, ఎంత దర్జా, ఎంత పౌరుషం. మాకేమో పెంటకుప్ప. ఆ రోజంతా ఆ మనిషి మీద అకారణంగా కోపంగా ఉన్నాను.

కానీ ఆయన మీద కోపం నిలవదు. అది మిరపకాయల కాలం. ఒంగోలు నుంచి వచ్చే దారిలో కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంటే కారాపించి దిగిపోయాడు. అడిగితే ఫోన్లో వాళ్ళింటి ఫోటో చూపించాడు. ఇల్లంతా, గోడలంతా, కిటికీల పైనుంచి కింద దాకా ఎర్ర మిరపకాయల దండలు వేలాడుతున్నాయి. వాళ్ళమ్మ కట్టినవట. మిరపకాయలు మా సొత్తని అప్పటిదాకా నా నమ్మకం. భూగోళంలో అటువైపు కూడా ఒక తల్లి మిరపకాయలు ఆరబెట్టి, వాన మబ్బు కనపడితే కంగారు పడుతూ ఉంటుందని నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మా అమ్మ పంపిన పండుమిరప పచ్చడి ఆయనకి పెట్టాను. చెమటలు కారుతున్నా వేలితో గిన్నె తుడిచేశాడు. అప్పట్నుంచీ మేం స్నేహితులం.

మెషీను బిగింపు అయిపోయింది. మర్నాడు ఓపెనింగ్. ఓనర్ గారు నన్ను పిలిచి, పాపం ఇంత దూరం నుంచొచ్చి ఇంత కష్టపడ్డాడు, శాలువా కప్పితే ఏం బాగుంటుంది, మన దగ్గర రాయుంది, ఆయన పేరు మీద ఒక శిలాఫలకం చేయించి మెషీను పక్కనే నిలబెడదాం, వివరాలన్నీ ఉండాలి అన్నారు. మా ప్రాంతంలో పేరు రాతికెక్కటం కంటే గౌరవం లేదు. గుడి మెట్టు మీద పేరుంటుంది, బడి గోడ మీద పేరుంటుంది, బోరు పంపు పక్కన కూడా పేరుంటుంది. నేను రెచ్చిపోయాను. మొదటి ఉద్యోగం, మొదటి పెద్ద పని. మంచి నల్లరాయి ఎంచాను. రాతి మీద ఫోటోని చుక్కలు చుక్కలుగా దించే మెషీనుంటుంది, దాని మీద వుక్ గారి ముఖం దింపించాను, నవ్వుతూ వచ్చింది. కింద పూర్తి పేరు. వివరాలన్నీ అన్నారు కదా, హోటల్లో ఇచ్చిన పాస్‌పోర్టు కాపీ నా దగ్గరే ఉంది, దాంట్లోంచి పుట్టిన తేదీ వేశాను. దాని పక్కన చిన్న గీత పెట్టి ఓపెనింగ్ తేదీ. అక్షరాలు రసమట్టం బాబాయ్ చెక్కాడు. ఈ తేదీల వరుస కొంచెం చిత్రంగా ఉందేందిరా అన్నాడు గానీ, డిగ్రీ చదివినవాణ్ణి, నాకు తెలుసు బాబాయ్ అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ కళకళలాడిపోతోంది. రాతికి పసుపు, కుంకుమ. పైన బంతిపూల దండ. ముందు దీపం, కొబ్బరికాయ, అరటిపండులో గుచ్చిన అగరబత్తీలు. దాని మీద కొత్త తువ్వాలు కప్పాం. అందరం చుట్టూ నిలబడ్డాం. వుక్ గారు నుదుట బొట్టుతో, మెడలో దండతో వంగి నవ్వుతున్నాడు. ఓనర్ గారు తువ్వాలు లాగారు. మేం చప్పట్లు కొట్టాం.

ఆయన కొట్టలేదు. ముఖంలో రక్తం లేదు. రాతి మీది తన ముఖాన్ని చూశాడు, దండని చూశాడు, దీపాన్ని చూశాడు. మెల్లిగా కుడిచెయ్యి పైకెత్తి నుదుటి మీద, ఛాతీ మీద, రెండు భుజాల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. చివరిగా కొట్టినవాణ్ణి నేనే. ఆయన ఆ చిన్న గీత మీద వేలు పెట్టి, ఈ రెండో తేదీ ఏంటని నన్నడిగాడు. ఇవాళ్టిది సార్ అన్నాను. వాచీ చూసుకున్నాడు.

"అయితే ఇంకా ఎంత టైముంది నాకు?"

అప్పుడు వెలిగింది నాకు. మేం కోసి పంపే ఈ రాయి ఓడెక్కి వెళ్ళి ఏమవుతుందో నేనెప్పుడూ అడగలేదు. వంటింటి గట్లకి అనుకునేవాణ్ణి. వాళ్ళ ఊళ్ళో నల్లరాయి మీద ముఖం, పేరు, రెండు తేదీలు, ముందు పూలు, దీపం ఉంటే అది ఒకటే ఒకటి. బతికున్న మనిషికి సమాధి కట్టి, బొట్టు పెట్టి, అరటిపండు నైవేద్యం పెట్టి చప్పట్లు కొట్టాను నేను. విషయం తెలుగులో చెప్పగానే ఓనర్ గారు గోడ పట్టుకున్నారు. వెనకాల ఎవరో దండని లాగేశారు. ఎవరో దీపం ఆర్పబోతే, ఆర్పకూడదురా అది ఇంకా అపశకునం అని ఇంకెవరో అరిచారు. రసమట్టం బాబాయ్ గుమ్మడికాయ కోసం పరిగెత్తాడు, దిష్టి తియ్యాలని. నేను మనసులో సంచి సర్దేసుకుంటున్నాను.

ఆయన మాత్రం ఆ రాతి ముందు నేల మీద కూర్చున్నాడు. కూర్చుంటే మా ఎత్తుకొచ్చాడు. కాసేపటికి భుజాలు ఊగటం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాం. నవ్వుతున్నాడు. నవ్వుతూనే నన్ను పక్కన కూర్చోమని, తన అంతంత మాత్రం ఇంగ్లీషులో చెప్పాడు, నేను నా అంతంత మాత్రం ఇంగ్లీషుతో అందరికీ తెలుగు చేశాను. మా అమ్మకి నాకంటే ముందు ఇద్దరు కొడుకులు పుట్టి పోయారు, అన్నాడు. మా ఊరి శ్మశానంలో వాళ్ళకి చిన్న రాయుంది, ఇదే నలుపు, ఇవే బంగారు చుక్కలు. పసిపిల్లల్ని తినేసే మంత్రగత్తెలు ఉంటారని మా ముసలమ్మలు అనేవాళ్ళు. ఆ మంత్రగత్తెలు దేనికీ భయపడరు, తోడేలుకి తప్ప. అందుకని ఇంట్లో పిల్లలు వరసగా పోతుంటే, తర్వాత పుట్టినవాడికి వుక్ అని పేరు పెడతారు. పాతకాలం నుంచీ అంతే. వచ్చిన మంత్రగత్తె, ఇక్కడున్నది బిడ్డ కాదు తోడేలు అనుకుని వెనక్కి పోవాలి.

"నా పేరు ఇట్లాంటి రాయెక్కకూడదనే మా అమ్మ నాకీ పేరు పెట్టింది."

నేను దీన్ని తెలుగు చెయ్యాలి. చెయ్యలేకపోయాను. నేను దర్జా అనుకున్నాను చూడండి, పౌరుషం అనుకున్నాను. ఒక తల్లి భయం అది. ఎన్ని సముద్రాలవతల, మా ఊరి పేరు వినని చోట, ఎవరి నుంచీ నేర్చుకోకుండా, ఆ తల్లి మా నాయనమ్మ ఆడిన అబద్ధమే ఆడింది. ఒకావిడ బిడ్డని చెత్తలో దాచింది, ఒకావిడ తోడేలు తోలు కప్పి దాచింది. ఎట్లాగో కూడబలుక్కుని చెప్పాను. అప్పటికి గుమ్మడికాయ తీసుకొచ్చిన రసమట్టం బాబాయ్ విని, ఓస్ అంతేనా, మన పెంటయ్యలు, పుల్లయ్యలు, తవుటయ్యల్లాగే అన్నమాట, మా పెద్దన్న కూడా పెంటయ్యేనయ్యా, నాకు ముందు వాడొక్కడే మిగిలాడు, ఇంజినీరు గారికి చెప్పు అన్నాడు. చెప్పాను. చేట, కుప్ప, గుప్పెడు తవుడు, అన్నీ చెప్పాను. వుక్ గారి కళ్ళు పెద్దవైపోయాయి. ఆ తవుడు దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ పేరున్న మనిషిని ఒక్కసారి చూడాలని ఉంది, ఇక్కడికి దగ్గర్లో ఎవరైనా ఉన్నారా అనడిగాడు.

ఓనర్ గారు పైకప్పు వైపు చూశారు. చుట్టూ నలభైమంది. రసమట్టం బాబాయ్ వాళ్ళన్న పేరు చెప్పేస్తే సరిపోయేది, వాళ్ళ ఊరు పక్కనే. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

"ఉన్నాడు సార్. నేనే."

ఇంగ్లీషులో చెప్పాను గానీ అది అర్థం కావటానికి డిగ్రీ అక్కర్లేదు. ఫ్యాక్టరీలో ఎవరూ నవ్వలేదు (ఒకడు నవ్వాడు, వాడి మీద గుమ్మడికాయ పగలబోయింది). వుక్ గారు లేచి నిలబడి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, నా పేరుని నాలుగుసార్లు పలికి చూసుకున్నాడు. నా పేరుని అంత మర్యాదగా ఎవరూ పలకలేదు. మా హెచ్చెమ్ గారు కూడా.

ఈ వార్త ఎవరికైనా చెప్పకపోతే పేలిపోయేట్టున్నాను. బయటికి పరిగెత్తి మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మా, సెర్బియాలో కూడా పెంటయ్యలున్నారే, అక్కడ వాళ్ళని తోడేలంటారే అని గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. అవతల మిరపకాయల తొడిమలు తీస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎంతమంది పోయారంటరా ఆ తల్లికి?"

ఇద్దరమ్మా అన్నాను. పోనీలే, ఈ ఒక్కడైనా పొడుగ్గా పెరిగాడు, పచ్చడి ఇంకో సీసా పంపిస్తా వాళ్ళమ్మకి కూడా పట్టుకెళ్ళమను అంది. నా పేరు గురించి ఆవిడ ఒక్క ముక్క అనలేదు. ఇన్నేళ్ళూ నేను విసుక్కున్నప్పుడల్లా కూడా అనలేదు. ఆ పేరుతో పిలిచిన ప్రతిసారీ ఆవిడ లెక్క చూసుకునేదేమో, వీడున్నాడు, వీడున్నాడు అని. నాకది చీమకుర్తి రోడ్డు మీద, లారీల దుమ్ములో నిలబడి తెలిసింది.

ఆ మధ్యాహ్నం రాతిని మళ్ళీ పాలిష్‌కెక్కించారు. ముఖం, తేదీలు, గీత, అన్నీ అరిగిపోయాయి. కొత్తగా ఏం చెక్కాలో వుక్ గారే చెప్పాడు. తేదీలొద్దు, ఫోటో అసలొద్దు, పేరొక్కటే, కానీ ఒక్క పేరుంటే మాత్రం నాకు నిద్ర పట్టదు, పక్కన ఇతని పేరు కూడా ఉండాలి, మంత్రగత్తె వస్తే ఇద్దర్లో ఎవర్ని చూసి పారిపోవాలో తెలియక చస్తుంది అన్నాడు. రసమట్టం బాబాయ్ ఉలి తీశాడు. రెండు పేర్లూ చెక్కి, రసమట్టం పెట్టి, బుడగ మధ్యకొచ్చాక నా వైపు తిరిగాడు. ఇప్పుడు తెలిసిందిగా నీ మడతలో ఏముందో, తేరా ఆ కాయితం, సంతకం పెట్టేస్తా అన్నాడు. సంచి పక్కనే ఉంది. రేపు చూద్దాంలే బాబాయ్ అన్నాను. ఆయన జేబులో రసమట్టం పెట్టుకుని టీకి వెళ్ళిపోయాడు.

తర్వాత దర్శిలో మా సంస్కృతం మాస్టారుని అడిగాను. తోడేలుని సంస్కృతంలో వృకం అంటారట, వుక్, వృకం ఎప్పుడో ఒకే ఇంట్లో పుట్టిన మాటలేనట. మాటలు కూడా పుట్టింటి నుంచి బయల్దేరి అంతంత దూరాలు నడిచి, అక్కడ ఒక పసివాణ్ణి కాపలా కాస్తున్నాయంటే, ఇంక నాకు ఆ సాయంత్రం అన్నం సయించలేదు, సంతోషంతో.

ఇప్పుడు నేనా ఫ్యాక్టరీలో మేనేజర్ని. గది తలుపు మీద పేరు పూర్తిగానే ఉంటుంది. ఆ కాయితం ఇంకా ఉంది, ఒకే ఒక్క సాక్షి సంతకంతో, మడత మీద మడతగా. అప్పుడప్పుడూ తీసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తన పట్టాకి తానే తల అడ్డం పెట్టుకున్న ఆ కుర్రాణ్ణి తల్చుకుంటాను. వాడి మీద కోపం రాదు. కోత మెషీను నడిచినప్పుడల్లా షెడ్డు అంతా సన్నటి పొడి లేస్తుంది, సాయంత్రానికి ఆ రాయి మీద దట్టంగా పేరుకుంటుంది, రెండు పేర్లూ కనపడవు. పొద్దున్నే చెత్తబండి పాట పెట్టుకుని గేటు దాటి పోతుంటే, నేను గుడ్డ తీసుకుని బయల్దేరతాను. ముందు ఆయన పేరు తుడుస్తాను, అతిథి కాబట్టి. తర్వాత నాది.